సారు కోసం కుట్టిన పుస్తకం

మా డ్రిల్లు సారు పోయిన కబురు నాకు షాపులో ఉండగా తెలిసింది. ఆత్మకూరు బస్టాండు దగ్గర నాది టైలరింగు షాపు. ఒకావిడ జాకెట్టు కోసం ఎదురుగా కూర్చుని తొందరపెడుతోంది. ఫోను చేసింది సీతారామపురం తమ్ముడు. సొంత తమ్ముడు కాడు. సారు దగ్గర నాతోపాటు ఆట నేర్చుకున్నవాడు, మగపిల్లల జట్టుకు కెప్టెన్, ఇప్పుడు గొర్రెలు మేపుకుంటున్నాడు. "అక్కా, సారు పొయినాడు" అన్నాడు. ఆ జాకెట్టుకు చేతులు ఎక్కించి ఇచ్చి పంపాను. మర్నాడు ఆవిడ దాన్ని తెచ్చి బల్ల మీద పడేసింది. కుడి చెయ్యి ఎడమకు, ఎడమ చెయ్యి కుడికి కుట్టానట. నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టనీ.

సారు గురించి పేపర్లో చిన్న ముక్క కూడా రాలేదు. వస్తుందని నేను అనుకోనూ లేదు. ఉదయగిరిలో కొండ కింద వీధిలో ఒక పెంకుటిల్లు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు ఉద్యోగం, మెడలో ఈల. ముసలివాళ్ళు డ్రిల్లు అయివారు అనేవాళ్ళు, మేము సారు అనేవాళ్ళం. ఆయన నేర్పింది ఒక్కటే ఆట, బాల్ బ్యాడ్మింటన్. ఇప్పటి పిల్లలకు చెప్తే షటిలా అని అడుగుతారు. షటిలు కాదు నాయనా. పసుప్పచ్చ ఉన్ని బంతి, కొయ్య బ్యాటు, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, మట్టి నేల మీద సున్నం గీతలు. మన దక్షిణాది మట్టిలో పుట్టిన ఆట. కాళ్ళకు చెప్పులు లేకపోయినా ఆడుకోవచ్చు. మేమంతా అట్లాగే ఆడాం.

నన్ను ఆటకు పంపనని మా నాయన మొండికేశాడు. ఆడపిల్ల మైదానంలో ఎగరడమేందని ఆయన పట్టు. సారు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. నులకమంచం మీద కూర్చుని మజ్జిగ తాగి, వేరుశెనగ గురించీ, పడని వాన గురించీ మాట్లాడి వెళ్ళిపోయారు. నా ఊసే ఎత్తలేదు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ మజ్జిగ, మళ్ళీ వాన. అట్లా వస్తూనే ఉంటే చివరికి మా నాయనే విసుక్కుని, "తీసకపో సారూ, నీ పోరు నేను పడలేను" అన్నాడు. సారు గెలవడమంటే అది. ఆయనతో ఎవరూ ఓడిపోయినట్టు ఉండేది కాదు.

ఇదే పద్ధతిలో ఆయన పాత ఆట సామాను పోగుచేశారు. ఎక్కడ పాత ఆటగాడు ఉన్నాడని తెలిస్తే అక్కడికి బస్సెక్కేవారు, బస్సు లేని ఊరికి సైకిలు. "ముందు మనిషిని అడగాల, తర్వాత వస్తువును అడగాల" అనేవారు. ఎన్నో యాత్రల తర్వాత గానీ వస్తువు మాట బయటికి రాదు. ఇవ్వకపోయినా కోపం లేదు, ఆ ఇంట్లో పెళ్ళయితే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేవారు. అట్లా అల్లిన తీగలు తెగిన బ్యాట్లు, చిలుము పట్టిన కప్పులు, ఎప్పటివో టోర్నమెంటు కరపత్రాలు, చిన్నచిన్న నిబంధనల పుస్తకాలు, తలపాగాలతో వట్టి కాళ్ళతో వరసగా నిలబడ్డ జట్ల ఫోటోలు ఆ ఇంటికి చేరాయి. ఫోటోల్లో ఎక్కువ ఓడిపోయిన జట్లవే. అదేంది సారూ అంటే, గెలిచినవాళ్ళవి వాళ్ళ ఇండ్లల్లో గోడకు ఉంటాయి, వీళ్ళను ఎవరు పెట్టుకుంటారు అన్నారు.

సీతారామపురం దగ్గర ఒక గొల్లపల్లెలో కోడిపిల్లల గంప మీద మూతగా ఉన్న బ్యాటు ఒకటి ఆయన కంటబడింది. అడిగితే ఇచ్చేస్తారు. అట్లా తీసుకుంటే గంపకు మూత లేకుండా పోతుందని, మేదరివాళ్ళ దగ్గర సరిపోయే మూత అల్లించి, మళ్ళీ అంత దూరం మోసుకుపోయి ఇచ్చి, అప్పుడు తెచ్చుకున్నారు. ఆయన భార్యను మేము అమ్మ అనేవాళ్ళం. పిల్లలు లేరు వాళ్ళకు. ఆ బ్యాటు చూసి అమ్మ, ఇంత దూరం పొయి నాకొక కోడిపిల్లనన్నా తేలేదని దెప్పింది. చాన్నాళ్ళు దెప్పింది.

అన్నిట్లోకీ సారు ప్రాణం పెట్టుకున్నది ఒక తెలుగు పుస్తకం. ఆ ఆట నిబంధనలు తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటని ఆయన నమ్మకం. స్వాతంత్ర్యానికి ముందు చెన్నపట్నంలో వేసింది. రెండో ప్రతి ఎక్కడా ఆయనకు కనబడలేదు, వెతకని చోటు లేదు. అది ఆయన చేతికి వచ్చిన తీరు చెప్పాలి.

వరికుంటపాడు మండలంలో ఒక పెద్ద రైతు కుటుంబంలో అన్నదమ్ములిద్దరు వయసులో ఉండగా ఒకే జట్టులో ఆడారు. ఆ పుస్తకం వాళ్ళది. తర్వాత భాగాలు పంచుకున్నారు. పొలం, బావి, ఎడ్లు, కొట్టం అన్నీ సరిసగం. చివరికి పుస్తకం మిగిలితే, నాది నాదని పంతం పెరిగి, దాన్నీ నడిమికి చీల్చుకున్నారు. తమ్ముడు ఆత్మకూరు వైపు వచ్చి స్థిరపడ్డాడు. ఇద్దరికీ మాటల్లేవు. సారు ఇద్దరి ఇళ్ళకూ తిరిగారు. వాడిచ్చినాడా, వాడియ్యంది నేనెందుకిస్తా అని ఇద్దరూ ఒకే మాట. జుట్టు నెరిసేదాకా తిరిగారు. అన్న మంచాన పడ్డాక సారును పిలిపించి తన సగం చేతిలో పెట్టాడు. అన్న పోయాక దినాలకు తమ్ముడు వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, చొక్కా లోపలి నుంచి గుడ్డలో చుట్టిన మిగతా సగం తీసి సారుకిచ్చి, "ఇవన్నా ఒకచోట ఉండనీ సారూ" అన్నాడట.

ఆ రెండు సగాలూ పట్టుకుని ఆయన నా షాపుకే వచ్చారు. మిషను వద్దు పాపా, కాగితం చచ్చిపోతుంది, చేత్తో కుట్టు అన్నారు. పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి కుట్టాను. నేను కుడుతున్నంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చుని, సూది దిగినప్పుడల్లా ఆయన ముఖం చిట్లించేవారు. ఎవరికో ఇంజక్షను వేస్తున్నట్టు ఏంది సారూ అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఫోనుతో ఫోటోలు తీసిపెడతానని ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. "ఫోన్లోకి ఎక్కిందంటే ఇంక ఈ ఇంటికి ఎవురొస్తారు పాపా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు మాత్రం ఎవరొస్తున్నారు అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. నిజానికి ఎవరూ రావడం లేదు. స్కూల్లో ఆ ఆట ఆగిపోయింది. మా కోర్టు ఉన్న చోట మోటారుసైకిళ్ళు పెడుతున్నారు. ఎదురింటి మనవళ్ళు క్రికెట్టు ఆడుతుంటే సారు అరుగు మీద కూర్చుని చూసేవారు. బంతి వచ్చి పడితే మర్యాదగా తిరిగి ఇచ్చేవారు.

చివరి సంవత్సరాల్లో ఈ సామానంతటికీ ఒక గది దొరుకుతుందేమోనని తిరిగారు. ఒక్క గది, ఒక్క తాళం, ఎక్కడైనా సరే. కొన్ని తిరుగుళ్ళలో నేనూ తోడు వెళ్ళాను. ఒక ఆఫీసులో, మీరు దేశానికి ఆడినారా అని అడిగారు. ఇంకోచోట కుర్చీ వేసి, టీ ఇచ్చి, క్రికెట్టువి ఏమైనా ఉంటే తెండి అన్నారు. బయటికొచ్చి సారు టీ బాగుందన్నారు. ఆయనకు ఆశ పోయిందని నాకు ఆ మాటతోనే తెలిసింది. తర్వాత ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు.

మంచాన పడ్డాక అమ్మకు ఒకటే చెప్పారట. పాత కాగితాలవాళ్ళకు వెయ్యొద్దు, విలువ తెలిసినవాళ్ళ చేతిలో పెట్టు అని. అమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుంది.

మా వైపు పెద్దదినం నాడు వచ్చినవాళ్ళకు పోయినవారి పేరు చెక్కించిన స్టీలు గ్లాసో గిన్నో ఇచ్చి పంపడం ఆచారం. ఆ రోజు పొద్దున్నే బయల్దేరాను గానీ దారిలో బస్సు చెడిపోయి, ఉదయగిరిలో దిగేసరికి భోజనాలు కూడా అయిపోయాయి. బస్టాండులోనే సారు దగ్గర ఆడిన మావాళ్ళు ఎదురయ్యారు. ఒకడి చంకలో బ్యాటు. ఒకామె సంచిలోంచి కప్పు అంచు కనబడుతోంది. ఇంకొకడు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి కళ్ళకద్దుకుని, "సారు పుస్తకంలో ఆకు. అమ్మ ఇచ్చింది" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొండ కింద వీధికి పరుగెత్తాను.

ఇంట్లో అమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖం విప్పారింది. నా భాగం తీసి దాచిందట. దిండు కింది నుంచి ఒక ఆకు తీసి చేతిలో పెట్టింది.

"గ్లాసులు ఎవురికి కావాల పాపా? ఆయన సామాను ఆయన పిల్లలకే ఇచ్చినా. పుస్తకం ఒకరికిచ్చి ఒకరికి లేకుండా చేస్తే బాగుండదని ఆకొకటి పంచినా. నువ్వు కుట్లు ఎంత గట్టిగా ఏసినావే, బ్లేడు పెట్టినా ఒక పట్టాన తెగలా."

ఆమె తప్పు చేసిందని ఎవరనగలరు? ఆయన చెప్పినట్టే చేసింది, అక్షరం పొల్లు పోకుండా. విలువ తెలిసినవాళ్ళమే మేమందరం. ఏడుస్తూ తీసుకున్నారట ఒక్కొక్కరూ, ఆమె కాళ్ళకు మొక్కి తీసుకున్నారట. భాగాలు పంచుకుని చీల్చుకున్న పుస్తకాన్ని ఆయన జీవితమంతా తిరిగి కలిపితే, ఈసారి ప్రేమతో పంచుకున్నాం. కోపంతో చీల్చినప్పుడు రెండు ముక్కలే అయింది.

"బాగా చేసినానా?" అని అడిగింది అమ్మ.

"బాగా చేసినావమ్మా" అన్నాను.

అప్పుడామె లేచి అన్నం పెట్టించుకుంది. సారు పోయినప్పటి నుంచి సరిగా తినలేదని, ఈ సామాను ఏంగావాలా అన్న దిగులే తన కడుపు నింపేసిందని తింటూ చెప్పింది. నా విస్తట్లోనూ వడ్డించింది.

తిరుగు బస్సులో నా ఆకు చదివాను. పాత అచ్చు, అరసున్నల తెలుగు. వెనకవైపు చివరి వరస ఇట్లా ఉంది: "బంతి గీతపైఁ బడినయెడల నది". అక్కడితో అయిపోయింది. గీత మీద పడితే లోపలిదే, ఆడిన ప్రతివాడికీ తెలుసు. కానీ ఆ పుస్తకం ఏ మాటతో చెప్పిందో ఆ తర్వాతి ఆకులో ఉంది.

సరే, తిరుగుదాం అనుకున్నాను. సారు తిరగలేదా? ఆదివారాలు షాపు మూసి ఒక్కొక్క ఇంటికీ వెళ్ళాను. ముందు మనిషినే అడిగాను, మజ్జిగ తాగాను, వాన గురించి మాట్లాడాను. ఒకడు ఆకును లామినేషను చేయించాడు, వేడికి పాత కాగితం నల్లబడి అచ్చు కనబడకుండా పోయింది. ఒకామె దేవుడి పటాల మధ్య పెట్టి రోజూ పసుపు కుంకుమ అద్దుతోంది, సగం వరసలు కనబడవు. ఇంకొకడు ఫ్రేములో బిగించాడు, వెనకవైపు జిగురు. అందరూ ఇంట్లోవాళ్ళను పిలిచి నాకు గొప్పగా చూపించారు. తిరిగి ఇమ్మంటే ఎవరూ ఇవ్వలేదు. సారు జ్ఞాపకం అక్కా, ఎట్లా ఇస్తాం అన్నారు. మజ్జిగ పద్ధతి నా చేతిలో పని చేయలేదు. మళ్ళీ వెళ్దామన్నా, తెచ్చేందుకు ఇంక ఏం మిగిలిందని?

నా తర్వాతి ఆకు సీతారామపురం తమ్ముడికి ఇచ్చానని అమ్మ చెప్పింది. వాడి దగ్గరికి చివరికి వెళ్ళాను, వాడైతే ఇస్తాడన్న ధైర్యంతో. గొర్రెలను మందకు తోలి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అడిగాను. తల వంచుకున్నాడు.

పెద్దదినం మర్నాడు సారు తమ్ముడి కొడుకుతో కలిసి వాడూ అస్థికలు కలపడానికి సోమశిల వెళ్ళాడట. పెన్నలో అన్నీ వదిలాక, జేబులోంచి తన ఆకు తీసి అదీ వదిలేశాడట.

"సారును వట్టి చేతులతో పంపబుద్ధి కాలేదక్కా. నా దగ్గర అంతకంటే మంచిది ఏముండాది?"

దాంట్లో ఏముందో చదివావా అని అడిగాను.

"చదవలా. చదివితే ఇయ్యలేనని చదవలా."

మిగతాది కూడా వాడే చెప్పాడు. గాలికి ఆకు మునగలేదట. ఎన్నిసార్లు నెట్టినా అల మీద తేలుకుంటూ వాడి కాళ్ళ దగ్గరికే వచ్చిందట. చివరికి నడుం లోతు దిగి, దాన్ని నీళ్ళ కిందికి అదిమి, మెత్తబడి చేతికి తగలకుండా పోయేదాకా పట్టుకుని నిలబడ్డాడట. చెప్తూ వాడు అరచెయ్యి బోర్లించి, నా ముందు గాలిలో అట్లాగే అదిమి చూపించాడు. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.