గురువమ్మ ఎక్కనన్న అంబాసిడర్

మసేనుకి గంగమ్మ తల్లి తరవాత అంత నమ్మకం ఉన్నది సొరచేప కాలేయం కాచి తీసే సొరనూనె మీదే. కాలు బెణికితే సొరనూనె, తలుపు కిర్రుమంటే సొరనూనె, పడవ చెక్క పగుళ్లిస్తే గుగ్గిలం వేసి కాచిన సొరనూనె. వేట మానేసి, ఒడిశా తీరాన గోపాల్‌పూర్ పక్కనున్న తన పేటలోనే పడవల ఇంజిన్లు బాగుచేసుకుంటూ కూర్చున్నాక కూడా ఆ నూనె డబ్బా చేతికందే దూరంలోనే ఉండేది. దానికి లొంగని జబ్బు లేదనేవాడు. దానితో నయమైనవాళ్లు ఎవరో మాత్రం పేటలో ఎవరూ చెప్పలేరు.

అలాంటి మనిషి వాకిట్లోకి ఒక రోజు చికిటి ఊరి నుంచి అంబాసిడర్ కారొకటి వచ్చింది. వచ్చింది అనడం మర్యాదకి. ట్రాక్టరుకి తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. ఆ కార్లు కొత్తగా వచ్చిన రోజుల నాటి బండి, గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండే రకం. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టిన గుర్తులున్నాయి. అడుగు రేకు జల్లెడయిపోయి, లోపల నిలబడితే కింద నేల కనిపిస్తోంది. చికిటి బియ్యం మిల్లు భీమేశ్వరరావు పోయాక ఆయన కొడుకులు షెడ్డు ఖాళీ చేసి దీన్ని పాత ఇనుము కింద తూకానికి వేస్తుంటే, మసేను అడ్డంపడి తెచ్చుకున్నాడు.

మసేను భార్య గురువమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. బానెట్ కొసన తోక విరిగిన ఇత్తడి చిలక ఉంది. దాన్నే కాసేపు చూసింది.

"ఇది ఆ మిల్లు బాబు కారు కాదేటి?"

"అదే."

"ఎందుకు తెచ్చినావు మావా?"

"బాగుసేసి, నిన్ను ఎనక సీట్లో కూకోబెట్టి బరంపురం తీసుకెల్దావని."

"నానెక్కను," అని గురువమ్మ లోపలికి వెళ్లి పొయ్యి ఊదుకుంది.

ఎక్కనని అనడానికి ఆమెకి కారణముంది. పెళ్లయిన కొత్తలో చేపల గంప నెత్తిన పెట్టుకుని బరంపురం వెళ్లి అమ్ముకొచ్చేది. ఒక వానాకాలం సాయంత్రం, కొడుకు ప్రేమ్ కడుపులో ఉండగా, తడిసి ముద్దయి గోపాల్‌పూర్ రోడ్డున నడిచి వస్తుంటే ఈ కారే ఆగింది. డ్రైవరు జాలిపడి తలుపు తీశాడు. గురువమ్మ ఒక కాలు లోపల పెట్టింది కూడా. వెనక సీట్లోంచి భీమేశ్వరరావు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "దింపేయ్, ఆ చేపల కంపు పట్టిందంటే ఈ బండి ఇంకెందుకూ పనికిరాదు," అన్నాడు. దింపేశారు. కారు బురద చిమ్ముకుంటూ వెళ్లిపోయింది. ఈ సంగతి చెప్పేటప్పుడు గురువమ్మ ఎవరినీ తిట్టదు, కళ్లనీళ్లు పెట్టుకోదు. లోపల పెట్టిన కాలు ఏదో చూపిస్తుంది, అంతే. మసేను ఆ కాలు వంక చూడలేక తల తిప్పుకునేవాడు. భార్య తిట్టి ఉంటే ఆయనకి ఎంతో హాయిగా ఉండేది.

సరే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం మసేను. ఆ కారుని తనకు తెలిసిన పద్ధతిలోనే బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఆయనకు తెలిసిన పద్ధతి పడవలది. బిగుసుకుపోయిన ఇంజిన్‌లో, స్పార్కు ప్లగ్గులు విప్పిన కంతల్లోంచి డీజిల్ పోసి నానబెట్టాడు. రోజూ పొద్దున లేచి, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పి చూసేవాడు. అది కదిలేది కాదు. ఆయన నడుము మాత్రం కదిలేది. ఒకనాటికి ఇంజిన్‌కే విసుగొచ్చి తిరిగింది. కార్బొరేటర్ ముక్కముక్కలుగా విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్లీ బిగించాడు. బిగించాక మిగిలిన మరలన్నీ పాత చట్టిలో వేసి, "ఇవి మొదటినుంచీ ఎక్కువే," అన్నాడు. తెరచాప గుడ్డతో సీట్లు కుట్టించాడు. బ్రేకులు బాగుచేశానని చెప్పి నడిపి చూపించిన రోజున మాత్రం కారుని ఆపింది బ్రేకులు కాదు, పక్కింటి కాసులమ్మ ఎండుచేపల పందిరి. ఆ వేళ కాసులమ్మ తిట్టిన తిట్లకి సముద్రం కూడా కొంచెం వెనక్కి తగ్గిందని పేటలో చెప్పుకుంటారు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు తుప్పు. ఉప్పుగాలి తగిలే ఊళ్లో పొద్దున అతికిన రేకు సాయంత్రానికి ఎర్రబడుతుంది. పెయింటు వేసి చూశాడు, గ్రీజు పట్టించి చూశాడు. చివరికి, పడవని కాచేది కారుని కాయదా అనుకుని, గుగ్గిలం కలిపి పెద్ద బానలో సొరనూనె కాచాడు. కారు అడుగునంతా చీపురుతో పూశాడు. తలుపుల లోపలి గుల్లలో పోశాడు. కొత్తగా వేసిన నేల రేకుల సందుల్లోకి గరాటుతో దించాడు. ఆశ్చర్యమేమిటంటే తుప్పు ఆగిపోయింది. మసేను పేటంతా తిరిగి ఆ మాట చెప్పుకున్నాడు.

కంపు సంగతి ఆయనకి తట్టనే లేదు. పేటలో ఎవరికీ తట్టలేదు. వాకిట్లో వల, చూరు కింద ఎండుచేప, అన్నంలో చేపల పులుసు, పుట్టినప్పటినుంచీ అదే గాలి. పేటవాళ్లంతా కారెక్కి కూర్చుని చూశారు. సీటు మెత్తగా ఉందన్నారు, హారన్ బాగుందన్నారు. బరంపురంలో ఫోన్ల దుకాణం నడుపుతున్న కొడుకు ప్రేమ్ కూడా, అంత చదువుకున్నవాడు, లోపల కూర్చుని పాటలు విన్నాడు గానీ ముక్కు చిట్లించలేదు. పేటలో నిజం కనిపెట్టినవి పిల్లులు. కారు కిందకి ఒకటొకటిగా చేరి, అక్కడే కాపురం పెట్టాయి.

"నీ బండికి సుట్టాలు ఎక్కువైపోనారు," అంది కాసులమ్మ.

"నీడకొచ్చినాయిలే," అన్నాడు మసేను.

బండి పూర్తయ్యాక మసేను బానెట్‌కి పసుపు రాసి, బొట్టుపెట్టి, కొత్త పడవకి కొట్టినట్టే కొబ్బరికాయ కొట్టాడు. బ్యాటరీ మొరాయిస్తే పేట జనం హైలెస్సా అంటూ తోశారు. ఇంజిన్ అందుకుంది. మసేను వెనక తలుపు తీసి పట్టుకుని భార్యవైపు చూశాడు.

"ఒలే గురువమ్మా, రా."

గురువమ్మ టీ గ్లాసు అందించింది. "నన్నొద్దన్న బండి. నాకూ వద్దు. నువ్వెల్లు," అంది. మసేను తీసిన తలుపుని చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు. తరవాత టీ తాగి, తలుపు వేశాడు. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు.

వారం తిరక్కుండా ప్రేమ్ కబురు తెచ్చాడు. బరంపురంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంట్లో పెళ్లి. వరుణ్ని ఊరేగించడానికి వాళ్లకి పాతకాలపు కారు కావాలి. ఫోటోలో చూసి ముచ్చటపడ్డారు.

"ముందు మీ అమ్మ ఎక్కాలిరా," అన్నాడు మసేను.

"అమ్మ ఎక్కదు నానా. పెళ్లివాళ్లు ఎక్కితే, అంతమంది మెచ్చుకుంటే, అప్పుడేనా మనసు మారతాదేమో."

ఆ ఆశ మీద మసేను ఒప్పుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చిలకని చింతపండుతో తోమి, పూలదండలు కట్టి బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. పెళ్లికొడుకు తలపాగా ఎగిరిపోకుండా అద్దాలన్నీ ఎక్కించారు. వెనక సీట్లో పెళ్లికొడుకు, పక్కన మేనమామ. ముందు బ్యాండు వాళ్లు నత్తనడక నడుస్తుంటే కారూ అలాగే నడిచింది. ఇంజిన్ కాగింది, పొగగొట్టం కాగింది, దాన్ని ఆనుకుని ఉన్న నూనె కూడా మళ్లీ నింపాదిగా కాగింది.

మొదట మేనమామ తన చెప్పు తిప్పి చూసుకున్నాడు. తరవాత పెళ్లికొడుకు చెప్పు చూశాడు. పెళ్లికొడుకు జేబురుమాలు తీశాడు. వీధి చివరికి వచ్చేసరికి పిల్లులు బ్యాండు వాళ్లకీ కారుకీ మధ్యన చేరి తోకలెత్తుకుని నడుస్తున్నాయి. చేపల బజారు పక్కనే మరి. మేనమామ ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి తిట్టి కారు ఆపించాడు.

"చేపల బండిలో పెళ్లికొడుకుని ఊరేగిస్తావా? దీని కంపు వారానికి కూడా వదలదు. తీసుకుపో దీన్ని ఇక్కణ్ణుంచి," అన్నాడు. పెళ్లికొడుకు వెనకాల వస్తున్న ఆటోలోకి మారాడు. పూలదండలు కూడా విప్పుకుపోయారు.

మసేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అప్పుడు, జీవితంలో మొదటిసారి, గట్టిగా గాలి పీల్చి వాసన చూశాడు. సొరనూనె. నిజమే, ఉంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. భార్యని ఏ మాటతో దింపారో ఆ మాటకి తగ్గట్టే తన చేతులతో బండిని తయారుచేసి పెట్టాడు. భీమేశ్వరరావు కాటిలోంచి లేచి నవ్వుతున్నట్టనిపించింది.

ఇంటికొచ్చి కారాపి దిగకుండానే ఉండిపోయాడు. గురువమ్మ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"ఏటైంది మావా? దండలేవి?"

"దింపేసినారు. సేపల కంపట. సొరనూనె పూసినాను కదా, నాకు తెలీనేదు."

"బండినే ఒద్దన్నారా?"

"బండినే. తీసుకుపో అన్నారు, నడిరోడ్డు మీద, అందరూ సూస్తుంటే."

గురువమ్మ కిటికీ దగ్గర నుంచి ముందుకి నడిచి, చేత్తో బానెట్ మీది ఇత్తడి చిలకని ముట్టుకుంది. ఇన్నాళ్లలో ఆమె ఆ బండిని ముట్టుకోవడం అదే మొదలు. ఇంట్లోకి వెళ్లి మంచి చీర కట్టుకుని, చూరుకి వేలాడుతున్న పాత గంప దించి తెచ్చింది. వెనక తలుపు తనే తీసింది. ఏ కాలైతే ఆనాడు లోపల పెట్టిందో ఆ కాలే ముందు పెట్టి, రెండోదీ పెట్టి, కూర్చుంది. గంపని పక్క సీట్లో కూర్చోబెట్టింది.

"మరి ఎక్కనన్నావు?" అన్నాడు మసేను.

"అప్పుడది మిల్లు బాబు బండి. బేగి పోనీ, మబ్బట్టింది."

ఆనందం పట్టలేక మసేను మొదటి గేరుకి బదులు రివర్స్ వేశాడు. కాసులమ్మ మళ్లీ కట్టుకున్న పందిరి మళ్లీ పడింది. కాసులమ్మ కర్ర పట్టుకుని వచ్చింది గానీ, వెనక సీట్లో గురువమ్మని చూసి కర్ర దించేసింది.

గోపాల్‌పూర్ రోడ్డెక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆనాడు దింపేసిన చోటు ఇక్కడే ఎక్కడో ఉండాలి. మసేను వెనక అద్దంలోంచి భార్య ముఖం చూస్తూ నడుపుతున్నాడు. ఆమె రోడ్డు చూస్తోంది. ముందు ఒక పడుచు, నెత్తిన తడిసిన గంప, కొంగు పిండుకుంటూ నడుస్తోంది.

"ఆపు," అంది గురువమ్మ.

మసేను బ్రేకు తొక్కాడు. ఈసారి అది పనిచేసింది. గురువమ్మ తలుపు తీసి, తన గంప ఒళ్లో పెట్టుకుని పక్కకి జరిగింది. ఆ పిల్ల తెల్లటి సీటు వంకా, నీళ్లోడుతున్న తన గంప వంకా చూసుకుని వెనకడుగు వేసింది.

"వద్దమ్మా, సేపల నీళ్లు కారతన్నాయి, బండి కంపు కొడతాది."

"ముందే కొడతంది తల్లీ," అంది గురువమ్మ. "ఎక్కు."