నీళ్లు తెగేదాకా కూర్చున్న గ్రేస్

పొలానికి విలువ కట్టడానికి గ్రేస్ వస్తోందంటే పెనుకొండ చుట్టుపక్కల రైతులు తలలు పట్టుకునేవాళ్లు. వేరే ఎవరైనా వస్తే పది నిమిషాల పని. బోరు మోటారు వేయగానే నీళ్లు ఎగిరి దూకుతాయి, వచ్చినాయన చూసి తల ఊపి, మజ్జిగ తాగి వెళ్లిపోతాడు. ముందు మూడు రోజులు ఆ బోరుకు విశ్రాంతి ఇచ్చారన్న సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పరు. అడుగున ఊరిన నీళ్లన్నీ ఒక్కసారిగా వస్తాయి కాబట్టి, ఎండిపోవడానికి సిద్ధంగా ఉన్న బోరు కూడా పది నిమిషాలు దర్జాగా పోస్తుంది. అమ్మేటప్పుడూ ఇదే పద్ధతి, తాకట్టు పెట్టేటప్పుడూ ఇదే. దీన్ని మోసమని ఎవరూ అనుకోరు. పెళ్లిచూపులకు పిల్లకు మంచి చీర కట్టడం లాంటిదే అనుకుంటారు.

గ్రేస్ మాత్రం పల్లెకు కరెంటు వచ్చే వేళ కనుక్కుని, టిఫిన్ క్యారియర్ పట్టుకుని వచ్చేది. గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని మోటారు ఆపనిచ్చేది కాదు. రెండు గంటలైనా, మూడు గంటలైనా సరే. నీళ్లు తెగిపోతే ఎన్ని నిమిషాలకు తెగాయో రాసుకునేది. తెగకపోతే అదీ రాసుకునేది.

ఆమెది హిందూపురం. తండ్రి తాపీ మేస్త్రి. కూతురు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతానంటే, "గోడ కట్టేది నాకు తెలుసు, దాని లెక్క నువ్వు నేర్చుకో" అని చేర్పించిన మనిషి. ఒక ఇంజనీరు ఆఫీసులో నాలుగేళ్లు ప్లాన్లు గీసి, తొంభై ఎనిమిదిలో ఒక సహకార బ్యాంకులో ఆస్తులకు విలువ కట్టే పనికి చేరింది. జీతం లేదు, కాగితానికి ఇంత అని ఫీజు. ఆ బ్యాంకుకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో బ్రాంచీలు ఉండేవి. పేరు నేను చెప్పను.

ధర్మవరంలో ఆమె చేసిన పని ఒకటి చెప్పాలి. నేతగాళ్ల ఇళ్లలో కాళ్లు దింపుకుని నేయడానికి మగ్గం గుంత ఉంటుంది కదా, అంతకుముందు వచ్చినవాళ్లు దాన్ని చూసి "నేల దెబ్బతిన్నది, మరమ్మతు కావాలి" అని రాసి విలువ తగ్గించేవాళ్లట! అన్నం పెట్టే గుంతను బొంద చేశారన్నమాట. గ్రేస్ ఆ ఊరిలో ఇల్లు కొనేది నేతవాళ్లేనని నలుగురినీ అడిగి తెలుసుకుని, గుంత ఉన్న ఇంటికి విలువ పెంచి రాసింది.

బ్యాంకులో ఒక వింత ఉండేది. అయిదు లక్షలు దాటిన అప్పుకైతే పెద్ద రిపోర్టు కావాలి. దానికి వృత్తి నియమాలు ఉన్నాయి: స్వయంగా వెళ్లి చూడాలి, అప్పు తీసుకునేవాడికీ ఇచ్చేవాడికీ తలొగ్గకూడదు, విలువ ఎలా కట్టారో కారణాలతో రాయాలి. అంతకు తక్కువైతే ఒక పేజీ అంచనా చీటీ చాలు. దానికి ఏ నియమమూ లేదు. ఆఫీసులో కూర్చుని టీ తాగుతూ రాసినా చెల్లుతుంది. గ్రేస్ ఆ చీటీకి కూడా గొడుగు పట్టుకుని పోయేది.

రెండు వేల ఒకటి మార్చిలో నారాయణప్ప అనే రైతు తన రెండెకరాల మల్బరీ తోట మీద తొంభై వేలు అడిగాడు. గ్రేస్ వెళ్లి కూర్చుంది. నలభై నిమిషాలకు నీళ్లు తెగాయి.

"మోటారు వేడెక్కిందమ్మా, అంతే. రేపు రా, చూద్దువు" అన్నాడు నారాయణప్ప.

"రేపూ వస్తానన్నా. బోరుకు మాత్రం సెలవియ్యాకు" అంది గ్రేస్.

మరునాడు ఇరవై నిమిషాలకే తెగాయి. ఆమె ఉన్నది ఉన్నట్టు రాసింది. అతనికి వచ్చింది నలభై వేలు. ఊరంతా వినేలా తిట్టాడు.

మేనేజరు బాలాజి ఆమెను పిలిపించాడు. చెడ్డవాడు కాదు, టార్గెట్లు మోస్తున్న మనిషి.

"ఒక పేజీ చీటీకి ఇంత రామాయణమేల మేడం? ఈటికి రూల్సు లేవు. ఈడే కూర్చొని రాసిచ్చేయండి."

"చీటీకి లేకపోతే లేకపాయ సార్. నాకుండాయి."

ఆ నెలలోనే బ్యాంకు ఆమెను పక్కన పెట్టింది. మూడేళ్లు ఇళ్లకు ప్లాన్లు గీసి బతికింది. మోపెడ్ అమ్ముకుంది. తాను చేసింది తప్పేమో అని ఒక్కరోజూ అనుకోలేదు గానీ, ఆ పని పోయినందుకు మాత్రం రోజూ బాధపడింది. ఆ పనిలో తనకు సాటి లేరని ఆమెకు తెలుసు మరి.

తర్వాత వానలు మొహం చాటేశాయి. రెండు వేల నాలుగులో బ్యాంకు సభ్యుల వార్షిక సమావేశం హిందూపురంలో జరిగింది. చీటీలు నమ్మి ఇచ్చిన అప్పులు సగం మునిగాయి. చిన్న అప్పుల చీటీకి కూడా పెద్ద రిపోర్టు నియమాలే ఉండాలా అన్నది ఆ రోజు తేల్చాల్సిన విషయం. వంద రూపాయల వాటా ఉన్న గ్రేస్ వెనక వరుసలో కూర్చుంది. ఇప్పుడు కాదంటే ఆ పని తనకు ఇక ఎప్పటికీ దక్కదని ఆమెకు తెలుసు.

బాలాజి లేచి కాదన్నాడు. "ఇన్నూరు రూపాయలు ఫీజు, పది దినాలు ఆలస్యం. విత్తనాలేసే కాలంలో పేదోడు యాడ ఆగుతాడు?"

అబద్ధం కాదు. అప్పుడు లేచాడు నారాయణప్ప. మళ్లీ తిట్లే అనుకుంది గ్రేస్.

"ఆయమ్మ తక్కువ రాసిందని నోటికొచ్చినట్ల తిట్టినోన్ని నేనే. మా పక్క చేను చిన్నస్వామికి ఆఫీసులోనే చీటీ రాసిచ్చిరి. లక్షన్నర తెచ్చి మూడు బోర్లు ఏసె. మూడూ ఎండిపాయ. చేను వేలానికి పాయ, వాడు బెంగుళూరులో మూటలు మోస్తాండాడు. నాకూ అంత దుడ్లు ఇచ్చింటే నేనూ అదే చేసిందును. నలభై వేలే గాబట్టి గొర్రెలమ్మి కట్టేస్తి. నా చేను నా కాడే ఉండాది." బాలాజి వైపు తిరిగాడు. "ఇన్నూరు నాకు బరువే సార్. సగం బ్యాంకు పెట్టుకోండి. అంతేగానీ పెద్దోళ్ల మేడకు నిజం రాసి, మా చేనుకు కాకిలెక్క రాస్తే ఎట్ల?"

హాలులో చేతులు లేచాయి. ఎన్ని లేచాయో లెక్కపెట్టాల్సిన పని కూడా లేకపోయింది. తీర్మానం రాసుకుంటున్న అధ్యక్షుడు ఈ పని ఎవరికి అప్పజెప్పాలని అడిగాడు. బాలాజి మళ్లీ మైకు పట్టుకున్నాడు.

"గ్రేస్ మేడంకి. మూడు బ్రాంచీలకూ. మిగిలినోళ్లకు నేర్పేది కూడా ఆమెనే."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. గ్రేస్ లేచి నిలబడింది, ఏదో చెప్పబోయి ఏడ్చేసింది. అంతమంది చూస్తున్నా మొహం దాచుకోలేదు.