బర్రెల సాక్ష్యం

ఆ రోజుల్లో (ఏ తాతల కాలమో అనుకునేరు, పదేళ్లు కూడా కాలేదు) నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. లోకంలో అన్యాయమంతా సరిగ్గా మాట్లాడే మనిషి లేకపోవడం వల్లే జరుగుతోందన్నది మొదటిది. ఆ మనిషిని నేనేనన్నది రెండోది. ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ, ఉపన్యాస పోటీలో స్టీలు గిన్నె గెలుచుకొచ్చిన పిల్లకు ఆమాత్రం పొగరు లేకపోతే ఎలా? ఆ గిన్నెలో మా అమ్మ చింతపండు నానబెట్టుకునేది. నా ప్రతిభకు మా ఇంట్లో దొరికిన గౌరవం అంతే.

మాది ఇబ్రహీంపట్నం దాటాక గుట్టల కింద ఉన్న లంబాడీ తండా. ఇంటింటికీ బర్రెలుండేవి. పొద్దున్నే పాలు పితికి హోటళ్లకు పంపి, బర్రెలను గుట్ట మీది అడవికి వదిలేవాళ్లం. వదలడమంటే నిజంగా వదలడమే. తోలే మనిషి వెనక నడుస్తాడు గాని మందకు ముందు ఎవరూ నడవరు. ముందు నడిచేది మా దాదీ, అంటే నాయనమ్మ, పెంచిన ఒంటికొమ్ము బర్రె. నడకలో దర్జా చూసి దానికి పట్వారి, అంటే ఊరి కరణం, అని పేరు పెట్టాం. ముందు నడిచే బర్రెకు తాడు కట్టకూడదన్నది మా తండా ఆచారం. కడితే దానికి రోషమొస్తుందని దాదీ అనేది. బర్రెకు రోషమేమిటని నేను నవ్వేదాన్ని.

ఒక ఎండాకాలం జంగ్లాతోళ్లు, అదే అటవీశాఖ వాళ్లు, వచ్చి అడవి చుట్టూ కంచె వేశారు. లోపల పార్కు కడతారట. నగరం నుంచి కార్లలో వచ్చి నడిచేవాళ్లకు బాట, కూర్చోవడానికి సిమెంటు మొద్దులు, ఫొటోలు దిగడానికి సిమెంటు జింకలు. ప్రాణమున్న బర్రెకు తాళం, ప్రాణం లేని జింకకు రంగులు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేతకు పోవాలంటే మా పశువులు సాగర్ రోడ్డు మీద లారీల మధ్య చుట్టు తిరగాలి. ఒక బర్రె దుడ్డె కాలు విరిగింది. కొందరు బర్రెలు అమ్మేసుకున్నారు. అడవిలోకి పోయే ఆ పాత తొవ్వ, అంటే దారి, తెరుచుకోకపోతే తండాలో బర్రె అన్నది మిగలదని, బర్రె పోతే మా తిండీ చదువులూ ఏవీ నిలవవని అందరికీ తెలుసు.

తండా అప్పుడే కొత్తగా పంచాయతీ అయింది. మా నాన్న తమ్ముడు, మా కాకా, మొదటి సర్పంచి. గ్రామసభ పెట్టి, ఈ తొవ్వ మా హక్కు అని తీర్మానం చేసి పంపాం. అసలక్కడ తొవ్వే లేదని జంగ్లాతోళ్లు జవాబిచ్చారు. వానలు పడి, గడ్డి నడుమెత్తు పెరిగి, చూడబోతే వాళ్ల మాటే నిజమనిపించేది. చివరికి జిల్లా నుంచి ఒక పెద్ద సారు స్వయంగా చూసి తేలుస్తానని కబురు పంపాడు. కాకాకు గుండె జారింది.

"జర నెమ్మదిగ పోదాం. లొల్లి చేస్తే పార్టీల నా పని ఖతం," అన్నాడు.

(ఇంట్లో మేం మాట్లాడుకునేది మా గోర్‌బోలి. మీ కోసం తెలుగులో చెబుతున్నాను. మా భాషలో దాదీ తిట్లు ఇంకా బాగుంటాయి.)

"పార్టీ పోతే ఇంకో పార్టీ వస్తది. తొవ్వ పోతే ఇంకోటి వస్తదారా?" అంది దాదీ.



ఆ సారు వచ్చిన రోజు తండాకు తండా కంచె దగ్గర నిలబడింది. నేను తెల్ల చుడీదార్ వేసుకుని, రాసుకున్న ఉపన్యాసం బట్టీ పట్టి వెళ్లాను. "గౌరవనీయులైన అధికారి గారికి, అనాదిగా అడవితల్లి ఒడిలో..." దాకా వచ్చానో లేదో, సారు ఫోను తీసి చూశాడు.

"మ్యాపుల తొవ్వ కనబడ్త లేదమ్మా."

"మ్యాపుల నేను గూడ లేను సారు. మరి లేనా?" అంది దాదీ. "మమ్మల్ని అడుగుడెందుకు? నడిచెటోళ్లనే అడుగు. ఆ గేటు తీపియ్యి."

సారుకు తమాషా అనిపించిందేమో, తీయమన్నాడు. పార్కు మేనేజరు ముఖం మాడ్చుకుని తాళం తీశాడు. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఇంత చరిత్రాత్మక ఘట్టంలో మంద ముందు ఒక విద్యావంతురాలు నడిస్తే ఫొటో ఎంత బాగుంటుంది! దాదీ అరుస్తున్నా వినకుండా పట్వారి మెడకు తాడు వేసి, కొసను చేతికి చుట్టుకున్నాను. "సార్, మా తొవ్వ ఇట్ల సక్కగ గుట్టెక్కుతది" అని చెయ్యి చాపి చూపించాను.

పట్వారి నన్నొకసారి చూసింది. దానికి రోషముంటుందని ఆ చూపుతోనే నాకు అర్థమైంది. నేను చూపిన దిక్కు వదిలేసి ఎడమకు తిరిగి ఒకటే పరుగు. తాడు నా చేతికి బిగుసుకుంది. తుమ్మకంపలు, పరికి పొదలు, ఏ ఒక్కదాన్నీ వదలకుండా నన్ను పరామర్శించాయి. వెనక మంద మొత్తం వరసగా ఒకే తీరున వస్తోంది. ఒక పెద్ద రాతి గుండు చుట్టూ తిరిగి, పొదలు దాటి, పార్కు వాళ్లు కొత్తగా కట్టిన కలువల కొలనులో దభీమని దిగింది పట్వారి. దానితోపాటు నేనూ దిగాను. నా వెనక తండా బర్రెలన్నీ దిగాయి.

నడుము లోతు బురదనీళ్లలో, నెత్తి మీద ఒక కలువాకుతో లేచి నిలబడేసరికి జనమంతా గట్టు మీదున్నారు. కాకా తల పట్టుకుని కూర్చున్నాడు. పట్వారి తీరిగ్గా కలువపూలు నములుతోంది. మేనేజరు లబలబలాడుతున్నాడు. "సూడుండ్రి సార్! మేతకు తొవ్వ అన్నరు, కొలను ఆగమాగం చేసిండ్రు!"

సారు కూడా కోపంగా నా వైపు తిరిగాడు. "గుట్టెక్కుతదంటివి. ఇదేనా మీ తొవ్వ?"

ఉపన్యాసంలో దీనికి జవాబు లేదు. నా వల్లే అంతా పోయిందని ఏడుపొచ్చింది. అప్పుడు దాదీ కర్ర నేలకు పొడిచింది.

"అవ్ సారు, ఇదే. బర్రె ముందుగాల నీళ్లు తాగి ఆనంక మేతకు పోతది. గా పోరికి ఏం ఎరుక, హాస్టల్ల ఉన్నది. ఈ కొలను ఏడికెల్లి వచ్చిందో గాయిననే అడుగు."

మేనేజరు నసిగాడు. "పాత కుంట ఉండె సార్. గదే సాఫ్ చేసి గట్టు కట్టినం. అయినా నీళ్ల వాసన పట్టి వచ్చినయ్ గని, తొవ్వ ఎరికై కాదు."

"వాసనకొస్తే అడ్డదిడ్డం రావాలె. గా గుండు సుట్టు తిరిగి ఒకదాని ఎనక ఒకటి ఎందుకొచ్చినయ్? పోయి కింద సూడు సారు," అంది దాదీ.

సారు వెనక్కి నడిచాడు. మంద తొక్కిన చోట గడ్డి నేలకు కరుచుకుపోయి, దాని కింద బండ బయటపడింది. తరాల తరబడి గిట్టలు పడి పడి ఆ బండ మధ్యలో గాడిలా అరిగి, నున్నగా ఉంది. సారు వంగి దాన్ని చేత్తో తడిమాడు.  "ఉన్నది. తొవ్వ ఉన్నది," అన్నాడు చివరికి. తండా ఒక్కసారిగా ఈలలేసింది. అప్పటిదాకా తల పట్టుకున్న కాకా "నేను ముందుగాలనే చెప్పలే!" అని లేచాడు. (రాజకీయం ఆయనకు ఆ రోజే ఒంటబట్టింది.)

పశువుల కోసం విడిగా ఒక గేటు పెట్టమని ఉత్తర్వు వచ్చింది, పెట్టారు కూడా. ఆ గేటులోంచి మంద మొదటిసారి పోయిన పొద్దు, దాదీ దాని పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదు.

ఇప్పుడు నేను తుర్కయాంజాల్‌లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. దాదీ లేదు, పట్వారీ లేదు. చుట్టూ ప్లాట్ల రాళ్లు లేచాయి, తండాలో బర్రెలు బాగా తగ్గాయి. సెలవు దొరికితే నేనూ ఆ పార్కుకు నడకకు పోతాను. మొన్న కొత్తగా చేరిన కాపలా పిల్లవాడు నన్ను ఆపాడు.

"మేడం, మనుషులు పోయే గేటు అటున్నది. ఇది బర్రెలది."

"ఎరికే తమ్మీ. నేను గా మందల దాన్నే," అని చెప్పి, వాడు తేరుకునేలోపు ఎడమకు తిరిగి కుంట వైపు నడిచాను.