వరండాలో పెట్టిన నమస్కారం

దేశ రాజధానిలోని సాకేత్ కోర్టులో ఒక లాయరమ్మ దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని సాక్షి పక్కన కూర్చోవడం. ఆ సాక్షికి అరవై దాటాయి. చాలా ఏళ్ళ కిందట మత కలహాల్లో ఆమె భర్తను ఇంట్లోంచి లాక్కెళ్ళి చంపారు. ఆ గుంపును నడిపించాడని ఆమె చెప్పిన మనిషి అప్పుడు మునిసిపల్ కౌన్సిలర్. తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు, మంత్రీ అయ్యాడు. మిగతా సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. కేసు ఈమె మీదే నిలబడి ఉంది.

"ఆవిణ్ణి ఎవరితోనూ మాట్లాడనివ్వకు. నువ్వెలాగూ మాట్లాడవు," అంది మా మేడమ్.

వరండా బెంచీ మీద ఆమె డబ్బా తీసి నాకు సగం పరాఠా ఇచ్చింది. "వకీలువి అవుతావా బేటీ? నీ గొంతు నీకైనా వినబడుతుందా?" అని నవ్వింది.

అంతలో ఆ నాయకుడు వచ్చాడు. పక్కన ఆయన లాయరు, వెనక పదిమంది మనుషులు. ఓట్లడిగిన అలవాటు కాబోలు, ఎదురైన వాళ్ళందరికీ చేతులు జోడిస్తూ నడుస్తున్నాడు. ప్యూనుకు జోడించాడు. మా బెంచీకీ జోడించాడు. ఆమె లేచి నిలబడి తిరిగి నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను.

లోపల ఆయన లాయరు మొదటి ప్రశ్నే అదడిగాడు. "ఇప్పుడు బయట మా క్లయింటుకు నమస్తే పెట్టారా, లేదా?"

"పెట్టాను."

"భర్తను చంపించినవాడికి ఎవరైనా నమస్తే పెడతారా, మాతాజీ?"

వెనక ఎవరో నవ్వారు. మేడమ్ తిరిగి నావైపు చూసింది. నేను ఫైలు తాడు చూస్తూ కూర్చున్నాను.

"ఆ రోజూ పెట్టాను, సాబ్," అంది ఆమె. "మా గుమ్మం ముందుకు రాగానే పెట్టాను. కాపాడతాడనుకున్నాను. ఆయన ఇలాగే నవ్వి చేతులు జోడించాడు. తర్వాత గుంపుకేసి తిరిగి మా తలుపు చూపించాడు. ముఖం ముసలిదైంది గానీ, ఆ దండం మారలేదు."

జడ్జిగారు ఆ జవాబును టైపు చేయించి, ఒకసారి పైకి చదివించారు.

మెట్లు దిగుతుంటే, "నేనూ పెట్టాను మేడమ్," అన్నాను.

"ఆవిడకైతే భయం. నీకేం వచ్చిందే?"

సాక్షి చెప్పినదంతా ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను. నా నమస్కారం సంగతి రాయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. ఆ జవాబును నమ్మి నేరం రుజువైందన్నారు. బేర్ సరాయ్‌లో నేను భోంచేసే మెస్ టీవీలో చూశాను. నాయకుడు పై కోర్టుకు వెళ్తానని చెప్పి, పోలీసు వ్యాను ఎక్కుతూ కెమెరాలకు చేతులు జోడించాడు. వెంటనే ఆమె ఫోన్ చేసింది.

"చూశావా బేటీ? టీవీలోంచి కూడా పెడుతున్నాడు! ఈసారి నేను పెట్టలేదు."

"నేనూ పెట్టలేదు."

"ఏంటీ? గట్టిగా చెప్పు."

అన్నం తింటున్న వాళ్ళు తలలు తిప్పి చూసేలా, మళ్ళీ చెప్పాను.