తూము తాళం యెహెజ్కేలు దగ్గరే

భీమవరం దగ్గర చేపల చెరువులు కాపలా కాసే యెహెజ్కేలుని ఎవరైనా "ఈ చెరువులెవరివయ్యా" అని అడిగితే, "మాయేనండి" అనేవాడు. అందులో అతనిది గుప్పెడు మట్టి కూడా లేదు. అన్నీ బంగార్రాజుగారివి. యెహెజ్కేలుకి ఉన్నవి గట్టు మీద తాటాకు పాక, పేటలో లూథరన్ చర్చి వెనక చిన్న ఇల్లు, మొలతాడుకి కట్టుకున్న ఒక తాళంచెవి. అయినా ఆ "మాయే" అనే మాట అతని నోటికి ఎంత బాగా అలవాటయిందంటే, దాన్ని విని నవ్వుకునేది భార్య సంపూర్ణమ్మ ఒక్కతే.

ఆ తాళంచెవి తూముది. పెద్ద కాలువ నుంచి చీలిన పిల్లకాలువ ముందు రాజుగారి చెరువుల పక్కగా వచ్చి, చిట్టచివర పేట మంచినీళ్ల చెరువులో పడుతుంది. తూము తలుపు పైకెత్తితే నీళ్లన్నీ చేపలకి పోతాయి, దించితే మనుషులకి చేరతాయి. వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు కనక అంతకు ముందే ఏ ఊరి చెరువు ఆ ఊరు నింపుకోవాలి. లేకపోతే తొలకరి దాకా బోరుల్లో వచ్చే ఉప్పునీళ్లే గతి. ఏటా, కాలువలు కట్టాక వచ్చే ఆదివారం, పేటలో పెద్ద వయసు ఇల్లాలు మొదటి బిందె ముంచి తెచ్చి చర్చి మెట్ల మీద పెడుతుంది. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఆ నీళ్లు తలా ఒక గుక్కెడు తాగుతారు. సంపూర్ణమ్మ అత్తగారు పోయాక ఆ బిందె సంపూర్ణమ్మ చేతికి వచ్చింది.

ఏటా శివరాత్రి వెళ్లాక గట్లు ఎత్తడానికి పాలమూరు నుంచి కూలీలు దిగేవారు. వాళ్ల పెద్ద కుర్మయ్య. యెహెజ్కేలు ఈడువాడే, మాట తక్కువ మనిషి. వచ్చిన మొదటి ఏడు, చేపలు పట్టడానికి ఇంజన్లు పెట్టి చెరువు నీళ్లన్నీ మురుగు కాలువలోకి తోడేస్తుంటే, కుర్మయ్య అన్నం కూడా తినకుండా గట్టు మీద కూర్చుని చూశాడు. ఒంట్లో బాగోలేదేమోనని యెహెజ్కేలు పలకరించాడు.

"ఇవన్నీ ఎటు పోతయి?" అన్నాడు కుర్మయ్య.

"సముద్రంలోకి."

"మా ఊరి కిందికెళ్లి కృష్ణ పోతది. మా ఊళ్లెకు మాత్రం రాదు" అన్నాడు. యెహెజ్కేలుకి ఆ మాట సరిగ్గా అర్థం కాలేదు. నీళ్లంటే కాలువలో వచ్చేవి, మురుగులో పోయేవి. వాటి కోసం అన్నం మానేస్తారా ఎవరైనా? గోదారి జిల్లావాడికి ఆ మాత్రం ధీమా పుట్టుకతోనే వస్తుంది.

కొన్నేళ్లకి తెలంగాణ వేరు కావాలన్న మాట మళ్లీ గట్టిగా వినపడసాగింది. బంగార్రాజుగారు చెరువుల దగ్గర కుర్చీ వేయించుకుని పేపరు చదివించుకుంటూ తెగ బాధపడిపోయేవారు. వాళ్లకి ఏం తక్కువయిందని, ఎవరో ఎగదోస్తున్నారని, ఒకే భాష మాట్లాడుకునేవాళ్లం అన్నదమ్ముల్లా ఉండక ఈ విడిపోవడం ఏంటని అనేవారు. యెహెజ్కేలు "ఆయ్, అంతేనండి" అనేవాడు. మనసులో కూడా అలాగే అనుకునేవాడు. కుర్మయ్యని ఒకసారి అడిగేశాడు, మీరు నిజంగా వేరుపడిపోతారా అని. కుర్మయ్య గంప దులుపుకుంటూ, తనకి పదేళ్లప్పటి నుంచీ ఇతర ఊళ్లలో కాలువలు తవ్వుతూనే ఉన్నాననీ, తన చేను పక్కన ఇంతవరకూ ఒక్క కాలువా తవ్వలేదనీ చెప్పాడు. అది జవాబో కాదో యెహెజ్కేలుకి తేలలేదు.

తేలిన ఏడు వానలు సరిగ్గా లేని ఏడు. గోదారిలో నీళ్లు తక్కువని కాలువలు ముందుగానే కట్టేస్తున్నట్టు చెప్పారు. పేట చెరువు అడుగున చెప్పులు తడిసేటన్ని నీళ్లున్నాయి. యెహెజ్కేలు తలకి చుట్టిన తువ్వాలు తీసి రాజుగారి అరుగు కింద నిలబడ్డాడు.

"పేట చెరువు సగం కూడా నిండలేదండి. ఒక రెండ్రోజులు తూము దించమంటారా?"

బంగార్రాజుగారు కోప్పడే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. కోప్పడితే ఎదురు చెప్పడానికైనా వీలుంటుంది. ఆయన చిరునవ్వుతో, "నిండుద్ది లేరా, పేట మనది కాదా ఏంటి? ముందు ఇయ్యి నిండనీ. తూము ఎప్పుడు దించాలో నేను చెప్తాగా" అని, కాఫీ ఇప్పించి పంపారు.

కాలువలు కట్టే రోజు మధ్యాహ్నం రాజుగారు ఊళ్లో లేరు, తూము దించమని కబురూ రాలేదు. గట్టు మీద యెహెజ్కేలు, సామాన్లు మూట కట్టుకుంటున్న కుర్మయ్య తప్ప ఎవరూ లేరు. చేపల చెరువులు నిండి గట్టుని ఒరుసుకుంటున్నాయి. అవతల సంపూర్ణమ్మ, పేట ఆడవాళ్లు ఖాళీ చెరువు గట్టున నిలబడి ఇటే చూస్తున్నారు. తూము తాళంచెవి యెహెజ్కేలు మొలకే ఉంది. ఊడదీశాడు, తాళం తీశాడు, తలుపు తిప్పే ఇనప చక్రం మీద చేతులు వేశాడు.

చేతులు తిరగలేదు. ఈ కాపలా పోతే పాక పోతుంది. ఆ మాటకొస్తే పేటలో సగంమంది పని చేసేది ఈ చెరువుల మీదే. రేపు రాజుగారు ఒక్క మాట అనక్కర్లేదు, నవ్వుతూ పనికి రమ్మని కబురు పంపడం మానేస్తే చాలు. యెహెజ్కేలుకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చేతులు తిరగలేదు.

కుర్మయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. "జరుగు, నేను తిప్పుత. రేపు పొద్దుగల్ల పోయేటోళ్లం, మమ్మల్నేం జేస్తడు?"

"వద్దు కుర్మయ్యా. నువ్వు తిప్పినా నేను తిప్పినట్టే."

కుర్మయ్య కాసేపు ఆ నీళ్ల వంక, ఆ ఆడవాళ్ల వంక చూశాడు. "మాకు వేరు పోదామంటే ఒక జాగ ఉన్నది" అన్నాడు. "నువ్వు ఎటు పోతవ్ యెహెజ్కేలూ?"

ఇన్నేళ్లుగా గట్టు మీద ఆ మనిషి చెప్పిందంతా అప్పుడు అర్థమయింది యెహెజ్కేలుకి. అర్థమై మాత్రం ఏం లాభం? తాళం మళ్లీ వేసేశాడు. సాయంత్రానికి పిల్లకాలువలో బురద తేలింది.

ఆదివారం సంపూర్ణమ్మ ఆనవాయితీ తప్పలేదు. బిందె తెచ్చి చర్చి మెట్ల మీద పెట్టింది, ఖాళీది. పాస్టరుగారు ఏ ప్రార్థన చెయ్యాలో తోచక తల వంచుకున్నారు. ఆమె మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ వేసవంతా అనలేదు. తిట్టినా బాగుండునని యెహెజ్కేలు ఎన్నిసార్లు అనుకున్నాడో.

కుర్మయ్య తర్వాత రాలేదు. గట్ల పనికి మిషన్లు వచ్చాయి.

రెండువేల తొమ్మిది డిసెంబరులో రాష్ట్రం చీలుస్తారన్న కబురు వచ్చి భీమవరం అట్టుడికిపోయింది. బంగార్రాజుగారు ట్రాక్టరు పంపి చెరువుల మీద పనివాళ్లందరినీ పట్నం రప్పించారు. రోడ్డు పొడుగునా మానవహారం కట్టాలన్నారు. ఎవరు ఎక్కడ దొరికితే అక్కడ నిలబడ్డారు. యెహెజ్కేలు పక్కకి రాజుగారే వచ్చి నిలబడి, అతని చెయ్యి అందుకున్నారు. ఇన్నేళ్ల కొలువులో ఆయన చెయ్యి తగలడం అదే మొదలు. మెత్తగా, చల్లగా ఉంది. ఎక్కడ గట్టిగా పట్టుకున్నట్టవుతుందోనని యెహెజ్కేలు వేళ్లు వదులుగా ఉంచాడు.

మైకులో ఎవరో అందరం ఒక్కటే అన్నారు. రాజుగారు కళ్లనీళ్లు పెట్టుకుని అందరం ఒక్కటే అన్నారు. పక్కకి తిరిగి, "అనరా యెహెజ్కేలూ" అన్నారు.

"ఆయ్" అని, యెహెజ్కేలు కూడా అన్నాడు.