ఎల్స్ కింద రాసిన మాట

నేత్రావతి పుట్టింది కర్ణాటక పొలిమేర ఊరు అత్తిబెలెలో, పెరిగింది అత్తిబెలెలో, పని చేసేదీ అక్కడి పారిశ్రామికవాడలోని ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లోనే. ఇంట్లో మాట తెలుగు, బళ్లో చదువు కన్నడం. భర్త అమరనాథ్ హోసూరులో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. తండ్రి అశ్వత్థప్ప వాళ్లతోనే ఉంటాడు. చెక్‌పోస్టు దగ్గర చాలాకాలం లారీ టైర్లకు పంచర్లు వేసిన మనిషి, మోకాళ్లు మొరాయించాక షాపు వదిలేశాడు.

తల్లి చక్కెర జబ్బుతో పోయింది. కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ పుండై, మానక, ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. ఆసుపత్రిలో పూటపూటకూ నర్సు చెప్పే అంకె పైకే ఎక్కేది. నేత్రావతికి తెలిసిన చక్కెర జబ్బు అదే, పైకి ఎక్కేది. తండ్రికీ ఆ జబ్బే అని తేలినప్పుడు ఆమె భయమంతా ఆ ఒక్క వైపే నిలిచింది.

అశ్వత్థప్ప వేలికి సూది గుచ్చుకుని మిషన్‌తో చక్కెర చూసుకోవడం త్వరగానే నేర్చాడు. వచ్చిన అంకెకు అర్థమేమిటో మాత్రం గుర్తుండేది కాదు. కూతురికి ఫోన్ చేసేవాడు. పని మధ్యలో ఆమె ఫోన్ ఎత్తితే సూపర్‌వైజర్ ముఖం ముడుచుకునేది.

శనివారాలు ఆమెకు సెలవు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆడవాళ్లకు ఉచితంగా కంప్యూటర్ పాఠాలు చెప్పిస్తోందని విని చేరింది. చెప్పేది గీతాంజలి. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్న అమ్మాయి, నేత్రావతి కంటే చిన్నది.

"మనిషి ఏదో ఒకటి టైప్ చేస్తాడు. అది చూసి ప్రోగ్రామ్ జవాబు చెప్పాలి. ఇఫ్ అంటే, ఇలా ఉంటే ఇది చెప్పు. ఎల్స్ అంటే, అలా లేకపోతే అది చెప్పు. అంతే, సింపుల్" అని చెప్పిందామె మొదట్లో.

నేత్రావతికి వెంటనే తోచింది తండ్రి ఫోన్లే. ఇంటికి వెళ్లి తనే ఒక ప్రోగ్రామ్ రాసింది. అది ముందు అంకె అడుగుతుంది. నూట ఎనభై దాటితే, "చక్కెర ఎక్కువుండాది. తియ్యటివి ముట్టొద్దు" అంటుంది. లేకపోతే, "బాగుండాది. కొంచేపు తిరుక్కోని రా" అంటుంది. తెలుగు మాటలే, తండ్రి చదవగలిగేటట్టు కన్నడ అక్షరాల్లో. క్లాసులో నేర్పే పైథాన్ ప్రోగ్రామ్‌లను నడిపే ఆప్ ఒకటి తండ్రి ఫోన్లో వేసి, ఏది నొక్కాలో చూపించింది.

అశ్వత్థప్పకు అది తెగ నచ్చింది. పక్కింటి సొన్నమ్మను పిలిచి మరీ చూపించాడు. "నా కూతురు రాసింది. నాతో మాట్లాడతాది" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఫ్యాక్టరీకి ఫోన్ చెయ్యలేదు. ఆ ప్రోగ్రామ్ ఎంత చెబితే అంత. తిరుక్కోని రమ్మంటే చెప్పులేసుకునేవాడు.

ఒక శనివారం క్లాసులో గీతాంజలి అందరినీ ఒకరి ప్రోగ్రామ్ ఒకరికి ఇమ్మంది.

"ఇవాళ మీ పని దాన్ని చెడగొట్టడం. ఎవరూ టైప్ చెయ్యరనుకున్నవే టైప్ చెయ్యండి" అంది.

ఎవరో బస్ టికెట్ ప్రోగ్రామ్‌కు వయసు మైనస్ ఐదు ఇచ్చారు. అది పిల్లల టికెట్ ఇచ్చింది. గదంతా నవ్వింది.

"చూశారా? ఎల్స్‌లోకి మనం అనుకున్నవే కాదు, మనం అసలు ఆలోచించనివి కూడా వచ్చి పడతాయి" అంది గీతాంజలి.

నేత్రావతి పక్కనున్న శశికళ ఆమె ప్రోగ్రామ్‌లో నలభై అని కొట్టింది. తెరమీద వచ్చింది: బాగుండాది. కొంచేపు తిరుక్కోని రా.

శశికళ వేళ్లు ఆగిపోయాయి. "ఇదేంది నేత్రా? మా అత్తకు నలభై వచ్చినప్పుడు కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి ఎత్తుకోని పోయినాము."

తండ్రికి మాత్రలు రాసిచ్చిన రోజు డాక్టర్ ఏదో చెప్పాడు. తినకుండా మింగొద్దన్నాడు, చెమటలు పడితే అన్నాడు. తల్లి పాదం కళ్లముందు కదులుతుంటే ఆ మాటలేవీ అప్పుడు చెవికెక్కలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే వినిపిస్తున్నాయి. శనివారం తండ్రికి ఒక్కపొద్దు. పొద్దున ఆమె బయల్దేరేటప్పటికి ఆయన మాత్ర మింగి, గుడికి పోయి వచ్చి తింటానన్నాడు.

ఆమె వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు. సొన్నమ్మకు చేసింది.

"అత్తా, నాయన ఇంట్లో ఉండాడేమో చూడు. బిరీన పో."

సొన్నమ్మ చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు ఫోన్లోంచే వినపడ్డాయి.

"బీగం ఏసుండాది పాపా. తిరిగేదానికి పోయుంటాడు."

తిరుక్కోని రమ్మని రాసింది నేత్రావతే.

గీతాంజలి బయటికి వచ్చి ఆమె ముఖం చూసింది. రెండు మాటల్లో సంగతి తెలియగానే ఇంకేమీ అడగలేదు. ఇంకెవరిదో హెల్మెట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "బస్ కోసం చూడొద్దు అక్కా. నా బండి ఉంది."

హోసూరు రోడ్డు చందాపుర దాకా ఎలాగో సాగింది. అక్కడ బళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోయాయి. గీతాంజలి లారీకీ బస్సుకీ మధ్య సందులో స్కూటర్ దూర్చింది. ఎవరో తిట్టారు. వెనక కూర్చున్న నేత్రావతి హెల్మెట్ కింద ఫోన్ ఇరికించుకుని తండ్రికి చేస్తూనే ఉంది. అది మోగుతోంది అంటే ఆయన దగ్గరే ఉందని ఒకసారి అనిపించింది. మోగుతున్నా ఎత్తలేకపోతున్నాడని ఆ వెంటనే అనిపించింది.

సొన్నమ్మ ఫోన్ చేసింది. "గుడిలో లేడు పాపా. టీ అంగడిలో కూడా చూస్తి. సర్వీసు రోడ్డులో పోతుంటే చూసినామని ఎవురో అన్నారు."

సర్వీసు రోడ్డు పక్కనే లారీలు పోయే రోడ్డు. "మేడం, కొంచెం బిరీన" అంది నేత్రావతి. గీతాంజలి హారన్ మీద నుంచి వేలు తియ్యలేదు.

అత్తిబెలె దగ్గర బస్టాపు ముందు నలుగురు గుమిగూడి ఉన్నారు. మధ్యలో సిమెంటు దిమ్మె మీద అశ్వత్థప్ప. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. చేతులు వణుకుతున్నాయి.

"పొద్దున్నే ఏసుకోనుండాడు" అన్నాడు గుంపులో ఒకాయన.

"తాగలేదు. ఆయనకు చక్కెర జబ్బు" అని నేత్రావతి వాళ్లను తోసుకుని వెళ్లింది. "నాయనా, నేను."

ఆయన ఆమెను పోల్చుకోలేదు. ఎవరో దారిన పోయే మనిషిని చూసినట్టు చూసి, "నువ్వెవురు? జరుగు. నేను తిరగాల" అని లేవబోయి దిమ్మె మీదే కూలబడ్డాడు.

గీతాంజలి పక్క అంగడి నుంచి మామిడిపండు రసం సీసా తెచ్చింది. నేత్రావతి మూత తీసి నోటి దగ్గర పెట్టింది. ఆయన చేత్తో కొట్టేశాడు. రసం ఆమె చీర మీద ఒలికింది.

"తియ్యటిది నాకొద్దు. ఒక్కపొద్దుండాను." జేబు తడుముకున్నాడు. "ఫోను చెప్పింది. బాగుండాదని చెప్పింది."

"ఫోను తప్పు చెప్పింది నాయనా."

"అది తప్పు చెప్పదు. నా కూతురు రాసింది."

చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. ఆయన తల పక్కకు వాలుతోంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆయన గడ్డం రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ కూతుర్ని నేనే. రాసింది నేనే. తెలీక తప్పు రాసినాను. చక్కెర దిగిపోయిందా అని నేను అడగనే లేదు. నాయనా, నా మాట విని ఇది తాగు."

ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. ఆ గొంతు ఎక్కడో తగిలినట్టుంది. పెదవులు విప్పాడు. సీసా పళ్లకు తగిలి టకటకలాడింది. ఒక గుక్క, ఆగి ఇంకో గుక్క. సగం గడ్డం మీదుగా కారిపోయింది. గీతాంజలి ఇంకో సీసా కోసం పరిగెత్తింది.

కాసేపటికి వణుకు తగ్గింది. ఇంకాసేపటికి ఆయన చుట్టూ చూసి, "నేత్రా, క్లాసుకు పోలేదా నువ్వు?" అన్నాడు. అప్పటిదాకా రాని ఏడుపు ఆమెకు అప్పుడు వచ్చింది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. తినకుండా మాత్ర మింగడం, ఆపైన ఎండలో నడక, అందుకే చక్కెర దిగిపోయిందన్నాడు డాక్టర్. ఇంకాస్త ఆలస్యమైతే స్పృహ తప్పేవాడన్నాడు. మాత్ర మోతాదు తగ్గించి, ఒక్కపొద్దు ఉంటే ముందుగా తనను అడగమన్నాడు. తండ్రి ఫోన్ తెరిచి చూసింది నేత్రావతి. యాభై ఒకటి, దాని కింద ఆమె మాట.

ఆ సాయంత్రమే ఆ ప్రోగ్రామ్‌ను తీసెయ్యబోతే అశ్వత్థప్ప ఫోన్ ఇవ్వలేదు.

"తీసేస్తే మళ్లీ నీకు ఫోన్ చెయ్యాల. సరిగా రాయి" అన్నాడు.

ఆమె డాక్టర్‌ను అడిగి అన్ని హద్దులూ తెలుసుకుంది. డెబ్బై కంటే తక్కువా అని అడిగే ప్రశ్న అన్నిటికంటే పైన పెట్టింది. దానికి జవాబు, "కూసో. ఇప్పుడే తియ్యటి నీళ్లు తాగు. సొన్నమ్మను పిలువు." ఎక్కువైతే ఏం చెయ్యాలో తర్వాత. బాగుండాది అనే మాటకు రెండు అంకెల మధ్యనే చోటిచ్చింది. వీటిలో దేనికీ చిక్కనిది వస్తే ఎల్స్ కింద ఏం రాయాలో చాలాసేపు తేలలేదు. చివరికి, "నాకు తెలీదు. నేత్రాకు ఫోన్ చెయ్యి" అని రాసింది.

తర్వాతి శనివారం దాన్ని క్లాసుకు తీసుకెళ్లి శశికళ ముందు పెట్టింది.

"ఇంకొకసారి చెడగొట్టు" అంది.

శశికళ అంకెలన్నీ కొట్టి చూసింది. తర్వాత అంకె బదులు అక్షరాలు కొట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చి, ఎల్స్ దాకా పోకుండానే ప్రోగ్రామ్ ఆగిపోయింది. నేత్రావతి కుర్చీ దగ్గరికి లాక్కుని, గీతాంజలి కోసం చెయ్యెత్తింది.