నాన్న చదివి వినిపించిన ఇంగ్లీష్

డిగ్రీ రెండో ఏడాది ఇంగ్లీష్ పరీక్షలో మాకు వినడానికి విడిగా మార్కులు పెట్టారు. రికార్డింగ్‌లో ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటారు. మనం విని, కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు రాయాలి. చిక్కడపల్లిలో పెరిగినదాన్ని కాబట్టి నాకిది కష్టం కాకూడదు. పక్కింటి గొడవను గోడకు ఇవతల నుంచి విని తప్పెవరిదో తేల్చగల అనుభవం మా గల్లీలో అందరికీ ఉంది. చిక్కల్లా రికార్డింగ్‌లోని వాళ్లు ఇంగ్లీష్‌లో మాట్లాడుకోవడం, అదీ గొడవ పడకుండా మాట్లాడుకోవడం.

నారాయణగూడలో మా కాలేజీకి దీనికోసం ఒక ల్యాబ్ ఉండేది. హెడ్‌ఫోన్లలో ఎక్కువవాటికి ఒక చెవే పలికేది. ఆ ఒక్క చెవిలో ఎవరో విదేశీ ఆవిడ బస్సు తప్పిపోతుందేమో అన్నంత తొందరగా ఏదో చెప్పి వెళ్లిపోయేది. మా మేడమ్‌కు మా సంగతి తెలుసు. వర్క్‌బుక్ చివర ఆ సంభాషణలన్నీ అచ్చు వేసి ఉన్నాయని, ఇంట్లో ఎవరితోనైనా చదివించుకుని, పుస్తకం చూడకుండా వినమని చెప్పారు.

మా ఇంట్లో ఆ ఎవరైనా నాన్నే. అమ్మ ఏడో తరగతితో ఆపేసింది, అది కూడా తెలుగులో.

నాన్న నారాయణగూడ చౌరస్తా దగ్గర ఫ్యాన్లు, మోటర్లు అమ్మే దుకాణంలో కౌంటర్ మీద ఉండేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే ఆయన ఉద్యోగం. వచ్చిన మనిషిని బట్టి తెలుగు, ఉర్దూ, హిందీ మార్చేవాడు. ఇంగ్లీష్ మాత్రం ఎవరికోసమూ కాదు, తన సంతోషానికి. పొద్దున్నే బాల్కనీలో నిలబడి ఇంగ్లీష్ పేపర్ పైకి చదివేవాడు. ఏ ఖండంలో వరద వచ్చినా మా గల్లీలో పాలవాడికి ముందు తెలిసేది. ఆయన ఇంగ్లీష్‌లో 'కైండ్లీ' లేని వాక్యం ఉండేది కాదు. ఆటో అతనితో కూడా కైండ్లీ మీటర్ వేయమనేవాడు. అతను వేసేవాడు కాదు, అది వేరే విషయం.

అలా సాయంత్రాలు మా పాఠాలు మొదలయ్యాయి. నేను కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. ఆయన దుకాణం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, టీ తాగి, పుస్తకం తెరిచి, ఇద్దరి మాటలూ తానే చదివేవాడు. మొదటి పాఠం హోటల్‌లో గది అడగడం. వచ్చిన పెద్దమనిషికి మామూలు గొంతు, రిసెప్షన్‌లోని అమ్మాయికి సన్నని గొంతు.

"ఎవరే ఆ ఆడమనిషి?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"హోటల్ల పని చేస్తదట," అన్నాను.

"ఏం పనో గని, జలుబు చేసినట్టున్నది పాపం."

అప్పటికే ఆయన గొంతు బొంగురుపోయి కొన్నాళ్లయింది. తప్పు ఫ్రిజ్ నీళ్లదని మేమంతా తీర్మానించాం. అమ్మ మిరియాల పాలు ఇచ్చింది, పసుపు పాలు ఇచ్చింది, ఇంకేం కలపాలో తోచక ఉత్త పాలు ఇచ్చింది. ఫ్రిజ్ నీళ్లు మానేశాడు. గొంతు మాత్రం తిరిగి రాలేదు.

నాన్న చదవడంలో ఒక లోపం ఉండేది. జవాబు ఉన్న చోటికి రాగానే ఆగేవాడు. ముందొక చిన్న విరామం, తర్వాత ఆ మాట మెల్లగా, స్పష్టంగా, కొంచెం పైకి. దుకాణంలో మోటరుకు గ్యారంటీ ఎన్నేళ్లో చెప్పేటప్పుడు కూడా అంతే. కొనేవాడు రేపొచ్చి నాకు చెప్పలేదంటాడేమోనని ఆయన భయం. నేను ఎక్కువ రోజులు పట్టకుండానే ఆ కిటుకు పట్టేశాను. మిగతాదంతా గాలికి వదిలేసి నాన్న ఆగిన చోట మాత్రం వినేదాన్ని. అన్నీ కరెక్టయ్యేవి.

"ఇట్ల చదివితే నేను ఫస్టు వస్త నాన్న. పరీక్షల ఎవరాగుతరు నా కోసం?" అన్నాను ఒకరోజు.

"ఆగకుంటె వాళ్లకు చదవరాదన్నట్టు," అన్నాడు.

గొంతుకు టెస్టులన్నీ అయ్యాక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నన్నూ తీసుకెళ్లారు. డాక్టర్లు ఇంగ్లీష్‌లో మాట్లాడతారని, ఇంట్లో కాలేజీకి వెళ్లేదాన్ని నేనేనని అమ్మ లెక్క. ఆ డాక్టరు అచ్చం మా రికార్డింగ్‌లోని మనిషిలాగే మాట్లాడాడు. ఎక్కడా ఆగలేదు. స్వరపేటికలో గడ్డ ఉందని, అది మంచిది కాదని, స్వరపేటిక మొత్తం తీసేయాలని, మెడ ముందు ఒక రంధ్రం పెడతామని, ఊపిరి ఇక అక్కడి నుంచేనని ఒకే వరుసలో చెప్పాడు. నేను అమ్మకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలా అని చూస్తున్నాను. నాన్నకు నాకంటే ముందే అర్థమైంది.

"దెన్ హౌ విల్ ఐ టాక్, సర్?" అని అడిగాడు. జీవితంలో మొదటిసారి కైండ్లీ మర్చిపోయాడు.

"యు విల్ లివ్," అన్నాడు డాక్టరు.

మా మేడమ్ అయితే ఆ జవాబుకు మార్కులు ఇచ్చేది కాదు. అడిగింది అది కాదు.

బయట మెట్ల మీద అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏమన్నడే?" అంది. చెప్పాను. విని, కొంగు సర్దుకుంది. తర్వాత, "ఉత్తగ గొంతు కూడ రాదా? నన్ను పిలుస్తందుకు కూడ?" అని అడిగింది. రాదన్నాను.

ఆపరేషన్ నా పరీక్షకు కొన్నాళ్లు ముందు పడింది. మాట్లాడటం తగ్గించమన్నారు. నాన్న దుకాణానికి సెలవు పెట్టి, ఆ మిగిలిన గొంతుతో ఏం చేయాలో ఆలోచించి, అశోక్ నగర్ వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. కాలేజీ వర్క్‌బుక్‌లోని పాఠాలన్నీ అయిపోయాయట, ఇంకొకటి కొనాలట. అశోక్ నగర్ పుస్తకాల దుకాణంలో డిగ్రీ పుస్తకం అడగడమంటే కిరాణా కొట్లో విమానం అడగడం లాంటిది. అక్కడ ఊపిరి పీల్చే ప్రతివాడూ సర్కారు కొలువు కోసమే పీలుస్తాడు.

"గ్రూప్సా అన్నా, కానిస్టేబులా?" అన్నాడు దుకాణం అతను.

నాన్న గొంతు ఆ బండ్ల మోతలో అతనికి చేరలేదు. నేనే చెప్పాను. "డిగ్రీ. ఇంగ్లీష్ లిజనింగ్."

"డిగ్రీకి గూడ చదువుతున్రా అక్కా?" అని అతను నిజంగా ఆశ్చర్యపోయి, నిచ్చెనెక్కి, దుమ్ము దులిపి ఒకటి తీసిచ్చాడు. తిరిగి వస్తూ టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. నాన్న ఆ పుస్తకం తిరగేస్తూ, టీ చల్లారిపోయేదాకా, పాఠాలు ఎన్నున్నాయో చూసుకున్నాడు.

ఫోన్‌లో రికార్డు చేయమన్నది మా పిన్ని. "బావ గొంతు తీసి పెట్టుకోండే. అక్కతోని నాలుగు మాటలు మాట్లాడమను. రేపు వినబుద్ధయితె ఏం వింటది అది?" అంది. అమ్మ ఆ మాట వారం పాటు నోట్లోనే పెట్టుకుని తిరిగింది. నాతో అంది, పిన్నితో అంది, ఆయనతో అనలేకపోయింది. ఆఖరికి ఒక ఆదివారం మధ్యాహ్నం నేనే ఫోన్ ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వంటింటి గడపలో నిలబడింది. ఫొటో స్టూడియోకు వెళ్తున్నట్టు జుట్టు సర్దుకుంది.

"ఏం చెప్పాలె?" అన్నాడు నాన్న.

"ఏమన్న చెప్పు," అంది అమ్మ. "తెలుగుల."

"కొత్తగ చెప్పేదేమున్నది? ఇన్నేండ్లు చెప్పిందే గద."

"ఆ చెప్పిందే చెప్పు."

నాన్న ఫోన్ వైపు చూశాడు. దుకాణంలో ఎంత మొండి కస్టమర్‌నైనా కూర్చోబెట్టి ఒప్పించే మనిషి, ఆ చిన్న ఎర్ర చుక్క ముందు బిగుసుకుపోయాడు. గొంతు సవరించుకున్నాడు. అమ్మను చూశాడు, నన్ను చూశాడు, ఫ్యాన్‌ను చూశాడు. ఏదో మొదలుపెట్టబోయాడు. పెదవులు కదిలాయి గాని ఏమీ రాలేదు. తర్వాత నా వైపు చెయ్యి చాచి, "ఆ బుక్కు తే బిడ్డ," అన్నాడు.

పంటి డాక్టరుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగే పాఠం చదివాడు. అమ్మ ఆ పాఠం అయ్యేదాకా గడపలోనే నిలబడింది. అయ్యాక, "మంచిగ చదివినవ్," అని లోపలికి వెళ్లింది. మళ్లీ అడగలేదు.

నాన్నకు అమ్మతో చెప్పడానికి ఏమీ లేదని కాదు. చెప్పమంటే చెప్పే మనిషి కాదు, అంతే. రాసి ఉన్నది చదవమంటే ప్రాణం పెట్టి చదువుతాడు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లేదాకా రోజూ చదివాడు, నేను రోజూ రికార్డు చేశాను. పోయిన సూట్‌కేసు కోసం ఎయిర్‌పోర్టులో అడగడం చదివాడు. వాతావరణ సూచన చదివాడు. మంచు ఖండంలో పక్షులు గుడ్లను కాళ్ల మీద పెట్టుకుని ఎలా కాపాడతాయో చదివాడు. చివరికొచ్చేసరికి అది గొంతు కాదు, కాగితం నలిపిన చప్పుడు. అయినా జవాబు దగ్గర ఆగేవాడు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నాన్న ఇంటికి వచ్చాడు. మెడకు తెల్లని గుడ్డ, దాని వెనక ఊపిరి. పిల్లలు రాసి చెరిపే ప్లాస్టిక్ పలక ఒకటి కొన్నాం. దాని మీద ఆయన మొట్టమొదట రాసింది, 'కైండ్లీ గివ్ వాటర్'. ఇచ్చాను. అవతల గదిలోకి వెళ్లి కాసేపు ఉండి వచ్చాను.

పరీక్షలో చదివి జవాబు రాసే భాగం కూడా ఒకటి ఉంది, ఇక మాకు మిగిలింది అదే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని పాఠం మనసులో చదువుకునేవాళ్లం. ఆయన ప్రశ్న మీద వేలు పెట్టేవాడు. నేను జవాబు చెప్పేదాన్ని. కరెక్టయితే వేలు కింది ప్రశ్నకు దిగేది. తప్పయితే అక్కడే ఉండేది. ఇంత నిశ్శబ్దంగా చదువుకునే ఇల్లు చిక్కడపల్లిలో ఇంకొకటి ఉండి ఉండదు. పొద్దున బాల్కనీలోకి వెళ్లి పేపర్ తెరిచేవాడు, అలవాటు కొద్దీ నిలబడే. పాలవాడు కింద ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, వెళ్లిపోయేవాడు.

పరీక్ష రోజు ల్యాబ్‌లో నాకు రెండు చెవులూ పలికే హెడ్‌ఫోన్లు దొరికాయి. ఎవరో ఒక ఆవిడ ఇల్లు కిరాయికి అడుగుతోంది, ఎవరో ఒక ఆయన వివరాలు చెప్తున్నాడు. చక్కటి గొంతులు, ఒక్క జీర లేదు. ఎక్కడా ఆగలేదు. జవాబులన్నీ నా పక్క నుంచే వెళ్లిపోతున్నాయని తెలుస్తోంది, ఏది ఏదో తెలియడం లేదు. వాళ్లకు చదవరాదన్న నాన్న మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చి, హెడ్‌ఫోన్లు పని చేయడం లేదా అని మెల్లగా అడిగారు. చేస్తున్నాయి మేడమ్ అన్నాను. మార్కులు పాసవడానికి సరిపోయాయి. అంతకుమించి వాటి గురించి చెప్పుకోవడానికేం లేదు.

అమ్మ ఆ రికార్డింగులు అడిగింది చాలా రోజుల తర్వాత. భోజనాలయ్యాయి. నాన్న కిటికీ పక్క కుర్చీలో పేపర్ చూస్తున్నాడు. అమ్మ కరివేపాకు దూస్తూ, ఆయనను చూడకుండానే, "మీ నాన్న చదివినయి ఉన్నయా నీ ఫోన్ల?" అంది. ఉన్నాయన్నాను. "పెట్టు, ఒకటి. ఏదైతే ఏంది, నాకన్నీ ఒకటే."

వాతావరణ సూచన పెట్టాను. తీర ప్రాంతాల్లో గాలులు, సాయంత్రానికి జల్లులు. అమ్మ తల వంచుకుని వింది. ఒకచోట నాన్న ఆగాడు. అమ్మ చెయ్యి కూడా ఆగింది.

"ఇక్కడేదో అసలు ముచ్చట చెప్తున్నడు. ఏంది?"

"ఉత్తరం దిక్కు గొడుగు తీస్కపొమ్మంటున్నడు."

"ఊ," అంది అమ్మ, అవసరమైన సంగతే అన్నట్టు.

ఇంకొంచెం సాగాక, పాఠం మధ్యలో, దూరం నుంచి అమ్మ గొంతు వచ్చింది. అన్నం చల్లారిపోతోందని, చదివి చదివి ఆ ఉన్న గొంతు కూడా పోగొట్టుకుంటాడని వంటింట్లోంచి కేకలు. అమ్మ సిగ్గుపడి, "ఛీ, నా గొంతు గట్లుంటదా," అంది. ఆపబోయాను. అంతలో రికార్డింగ్‌లో పుస్తకం మూసిన చప్పుడయింది, నాన్న ఫోన్‌కు దూరంగా తిరిగి, ఇంగ్లీష్ వదిలేసి, ఇంటి గొంతుతో అన్నాడు:

"వస్తున్న, జర ఆగు. నువ్వు తినరాదా, నా కోసం ఎందుకు కూసున్నవ్ పొద్దటి నుంచి?"

ఆ తర్వాత మళ్లీ జల్లులు.

నేను రికార్డు చేస్తున్నప్పుడు అది విననే లేదు. ప్రశ్నల్లో లేని మాట కదా. అమ్మ చేట పక్కన పెట్టి, ఫోన్ తన ఒళ్లోకి తీసుకుంది. వెనక్కి ఎలా జరపాలో చూపించమంది. చూపించాను. తనే జరిపి, ఆ ఒక్క ముక్క మళ్లీ విన్నది, మళ్లీ జరిపింది. "పొద్దటి నుంచి ఎక్కడ కూసున్న, పదకొండింటికి చాయ తాగిన గద," అని ఫోన్‌కు చెప్పింది.

కిటికీ దగ్గర పేపర్ కిందికి దిగింది. నాన్న అమ్మ వైపు చూస్తూ పెదవులు కదిపాడు. పలక చేతికి అందేంత దూరంలోనే ఉంది, తీసుకోలేదు. చాలాసేపే కదిపాడు, మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన పెదవులు చదవడం నాకు ఇప్పటికీ రాదు. అమ్మకు వచ్చు. కళ్లు తుడుచుకోకుండా అయిపోయేదాకా చూసి, తలూపింది.

"ఏమంటున్నడు?" అని అడిగాను.

"నీకెందుకే," అంది అమ్మ. "నీ పరీక్ష అయిపాయె గద."